గుర్రానికో బిందె

పారిస్‌లోని కళలు, వృత్తుల మ్యూజియంలో ఒక మొద్దు బండి ఉంది. దిట్టమైన దూలాల చట్రం, మూడు చక్రాలు. ముందు చక్రానికి ఇంకా ముందుగా, ఏనుగు తొండానికి గంగాళం తగిలించినట్టు వేలాడే బాయిలర్. ఫిరంగులు మోయడానికి ఫ్రెంచి సైనిక ఇంజనీరు నికొలా-జోసెఫ్ క్యూనో 1770లో తయారుచేయించిన ఆవిరి బండి ఇది. దాని సొంత బరువే దాదాపు రెండున్నర టన్నులు. దానిమీద మరో నాలుగు టన్నులు వేయాలని ఆయన ఆలోచన.

చరిత్ర ఇంకోలా నడిచి ఉంటే అని ఊహించి, ఆవిరి ట్యాంకులతో కథ రాద్దామనుకునేవాళ్లు సాధారణంగా కవచం మందంతో మొదలుపెడతారు. తర్వాత తుపాకులు, పొగగొట్టాలు. మొదలుపెట్టాల్సింది ఈ బండి దగ్గర. ఎందుకంటే ఇది పావుగంట నడిచి ఆగిపోయేది.

లోపం ఇంజన్‌లో లేదు. ఇంజన్ నిజానికి ముచ్చటైనది. ఆ కాలపు గని పంపుల్లో ఆవిరి దేన్నీ నెట్టేది కాదు. సిలిండర్‌లోని ఆవిరిని చన్నీళ్లతో చల్లారిస్తే లోపల ఖాళీ ఏర్పడేది, బయటి గాలి పిస్టన్‌ను కిందికి తోసేది. దాన్నే మెరుగుపరుస్తూ జేమ్స్ వాట్ 1769లో విడి కండెన్సర్‌కు పేటెంటు తీసుకున్నాడు. కానీ రోడ్డుమీద అంత చన్నీళ్లు ఎక్కడ దొరుకుతాయి? క్యూనో కుక్కర్ విజిల్ పద్ధతి పట్టుకున్నాడు. ఆవిరే పిస్టన్‌ను నెడుతుంది, పనయ్యాక గాల్లో కలిసిపోతుంది.

మరి పైకీ కిందికీ ఊగే పిస్టన్ చక్రాన్ని ఎలా తిప్పుతుంది? సైకిలు తొక్కడం ఆపి వదిలేస్తే వెనకచక్రం ఫ్రీవీల్‌లో టిక్‌టిక్‌మంటుందే, అదే ఉపాయం. ఒకవైపు నెడితే పళ్లలో చిక్కుకుని చక్రాన్ని తిప్పే కొక్కెం, వెనక్కి వచ్చేటప్పుడు పళ్లమీద జారిపోతుంది. క్యూనో రెండు పిస్టన్లకూ ఇలాంటివే పెట్టి, ఒకటి దిగుతుంటే రెండోది లేచేలా కలిపాడు.

బండి గోడను గుద్దేసిందన్న కథే జనానికి ఎక్కువ ఇష్టం. అయితే దాని అసలు జబ్బు నీళ్లు. నడుస్తుండగా బాయిలర్‌లో నీళ్లు పోసే ఏర్పాటు లేదు. మూత బిగించి ఉడుకుతున్న కుక్కర్‌లో గ్లాసెడు నీళ్లు పోయమంటే ఎలా పోస్తాం? ఆగాలి, చల్లారాలి, నింపాలి, మళ్లీ మంట పెట్టాలి. ఈలోగా శత్రువు భోంచేసి వస్తాడు. 1770 చివర్లో, బండికి అండగా ఉన్న మంత్రి ష్వాజల్ పదవి కూడా పోయింది.

జబ్బుకు మందు 88 ఏళ్ల తర్వాత వచ్చింది. తెచ్చినవాడూ ఫ్రెంచివాడే. 1852లో మూడు హార్స్‌పవర్ల ఆవిరి ఇంజన్‌తో గాలిఓడ ఎగరేసిన ఆన్రీ జిఫార్, 1858లో ఇంజెక్టర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు రైలింజన్లలో నీటి పంపు ఇరుసుకు కట్టి ఉండేది. స్టేషన్లో నిలబడితే పంపు పనిచెయ్యదు. బాయిలర్ నింపుకోవడానికే ఇంజన్ పట్టాలమీద అటూ ఇటూ తిరిగేది!

జిఫార్ ఇంజెక్టర్‌లో కదిలే భాగాలతో పనే లేదు. గరాటాల్లాంటి లోహపు గొట్టాలు వరసగా ఉంటాయంతే. బాయిలర్ నుంచి వచ్చిన ఆవిరి సన్నని ముక్కులోంచి విపరీతమైన వేగంతో దూసుకొచ్చి, పక్కనుంచి వచ్చే చన్నీళ్లకు తగులుతుంది. తగలగానే చల్లబడి తానూ నీరైపోతుంది, కానీ వేగాన్ని ఆ నీళ్లకు పంచుతుంది. ఆ ధార మెల్లగా వెడల్పయ్యే గొట్టంలోకి వెళ్లి నెమ్మదించినప్పుడు వేగం ఒత్తిడిగా మారుతుంది. ఎంత ఒత్తిడంటే, ఆవిరి బయల్దేరిన అదే బాయిలర్ తలుపును తోసుకుని నీళ్లు లోపలికి వెళతాయి. తన జుట్టు పట్టుకుని తననే పైకెత్తుకున్నట్టుంది కదా! మోసమేమీ లేదు. ఆవిరి తన వేడిలో కొంత వేగంగా మార్చుకుంది, ఆ ఖర్చుతోనే ఈ పని. 1770లో ఇత్తడి పనివాడికి ఇది అసాధ్యమేమీ కాదు. లేనిదల్లా ఆలోచనే. చరిత్రను మార్చి రాయదలచుకున్నవాళ్లు మార్చాల్సింది ఇక్కడ.

అయినా నీళ్లు మోసుకెళ్లడం తప్పదు. ఆవిరిని గాల్లోకి వదిలే రోడ్డు ఇంజన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 15 లీటర్లు, అంటే గుర్రానికో బిందె. 1918లో అమెరికా సైన్యం చేసిన ఆవిరి ట్యాంకు 50 టన్నుల బరువు, 500 హార్స్‌పవర్లు, ముందు మంటలు చిమ్మే గొట్టం. ఆవిరిని పట్టి తిరిగి వాడుకోకపోతే గంటకు 500 బిందెలు! దాన్ని ఫ్రాన్సుకు తీసుకెళ్లారు గానీ యుద్ధంలో దించనేలేదు.

సముద్రంలో ఈ బాధ లేదు. చల్లార్చడానికి చుట్టూ చన్నీళ్లే, కాబట్టి వాడిన ఆవిరినే మళ్లీ నీరుగా పట్టుకోవచ్చు. అక్కడి చిక్కు వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కె-తరగతి జలాంతర్గాములకు ఆవిరి ఇంజన్లు పెట్టింది. మునిగే ముందు పొగగొట్టాలు మడిచి, కంతలన్నీ మూయాలి. ఒక్క దాన్నీ శత్రువు ముంచలేదు. 1918 జనవరి 31 రాత్రి స్కాట్లండ్ తీరంలో స్వపక్షం ఓడలే గుద్దడంతో రెండు మునిగాయి.

పొగ లేని పొయ్యి దొరికాక ఆ గొడవా తీరింది. 2009 జులై 26న విశాఖపట్నంలో జలప్రవేశం చేసిన ఐఎన్‌ఎస్ అరిహంత్ గుండెలో ఉన్నది అణు రియాక్టర్. ఆ రియాక్టర్ చేసే పని నీళ్లు కాచడం. జలాంతర్గామిని నడిపేది ఆవిరి టర్బైను.