సారథ్యము నమ్ము అంగళ్లు

మన పట్టణములలో ఏ పెద్దవీధిని నడచినను డ్రైవింగు స్కూలు బోర్డు ఒకటి కానవచ్చును. దానిపై సాధారణముగ రెండు వాగ్దానము లుండును: కారు నడుపుట నేర్పబడును, లైసెన్సు ఇప్పింపబడును. చదువరి ఈ రెంటిని ఒకే మాటగ చదువుకొని లోనికి పోవును. కాని యివి వేర్వేరు సరకులు. మొదటిది విద్య, రెండవది అనుమతి పత్రము. మొదటిదానికి కాలము, ఓర్పు, పెట్రోలు వ్యయమగును. రెండవదానికి ఆర్.టి.ఓ. కార్యాలయమున పలుకుబడి చాలునని లోకమున నొక నమ్మకము పాతుకొనియున్నది. రెండు సరకులును ఒకే అంగడిలో, ఒకే ఫీజునకు అమ్మబడుటచేత మొదటిది నానాటికి క్షీణించి రెండవది ప్రబలుచున్నది. ఈ వ్యాపారమునందలి రోగమంతయు ఇందే కలదని మా అభిప్రాయము.

భారతమున నలోపాఖ్యానమును చదివినవారికి ఋతుపర్ణుని కథ జ్ఞాపకముండును. బాహుకుడను పేర నలుడు ఆ రాజునకు సారథియై యుండెను. రాజు తానెరిగిన అక్షహృదయమును సారథికిచ్చి, సారథివలన అశ్వహృదయమును గ్రహించెను. రాజ్యమేలువాడు సారథ్యవిద్య నడుగుటకు సిగ్గుపడలేదు. తనయొద్దనున్న విలువైన విద్యను మారుగ నిచ్చి దానిని పొందెను. ఆ కాలమున సారథ్యము కొందరి వృత్తి; నేడు ఎవని రథమునకు వాడే సారథి. వెనుకటి దినములలో లారీ క్లీనరుగ చేరిన కుర్రవాడు ఏండ్ల తరబడి డ్రైవరు ప్రక్కన కూర్చుండి, బండి కడిగి, టైర్లు మార్చి, దారుల గుణమెరిగి, పిమ్మట స్టీరింగు పట్టెడివాడు. ఆ పద్ధతిలో తిట్లును దెబ్బలును ఉండెడివి. తొందర మాత్రము లేకుండెను. నేటి సొంతకారు యజమానికి అంత తీరిక లేదు. కనుక ఆ ఏండ్ల శిక్షణను కొలది దినములలోనికి కుదించి యిచ్చు భారము డ్రైవింగు స్కూలుపై పడినది.

చట్టము ఈ భారమును తేలికగ చూడలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము తన 12వ సెక్షనున ఈ పాఠశాలల నడుపుదలను ప్రభుత్వపు లైసెన్సునకు లోబరచినది. 1989 నాటి కేంద్ర నియమములు వివరములను నిర్ణయించినవి. ఏ తరగతి వాహనమును నేర్పుదురో ఆ తరగతి వాహనము పాఠశాలకు సొంతముగ నుండవలెను. మోటారు సైకిలు మినహా మిగిలినవాటికి ఉపాధ్యాయుని ప్రక్కను గూడ బ్రేకు, క్లచ్చి అమర్చిన జంట నియంత్రణ ముండవలెను. నల్లబల్ల, రహదారి గుర్తుల పటములు, విడదీసి చూపుటకు ఇంజను గేరుబాక్సులు ఉండవలెను. నేర్పువాడు పదవ తరగతి ఉత్తీర్ణుడై, అయిదేండ్లు వాహనము నడిపిన అనుభవము గలవాడై, మోటారు మెకానిజమున సర్టిఫికేటు పొందినవాడై యుండవలెను. సొంతకారు నడుపదలచినవానికి 21 దినములకు తక్కువ గాకుండ, బండి నడుపుట 10 గంటలకు తక్కువ గాకుండ శిక్షణ నీయవలెను. లారీ, బస్సు మొదలగు రవాణా వాహనములకు 30 దినములు, 15 గంటలు. చేరినవారి పేర్లు రిజిస్టరులో నెక్కవలెను.

ఈ నియమముల నక్షరాల పాటించు యజమాని సంగతి యేమగునో లెక్కవేసి చూతము. నేర్చుకొనువారు ఉద్యోగస్థులు, విద్యార్థులు, గృహిణులు. వారికి తీరిక ఉదయము 6 మొదలు 10 వరకు, సాయంకాలము 4 మొదలు 8 వరకు. అనగా కారు దినమునకు 8 గంటలు తిరుగును. నెలకు 26 పనిదినములైన 208 గంటలు. ఒక్కొక్కరికి 10 గంటల చొప్పున ఒక కారు నెలకు 20 మందికి మాత్రమే నేర్పగలదు. ఆ 20 మంది ఫీజులలోనుండియే కారు అప్పు వాయిదా, ఇన్సూరెన్సు, పెట్రోలు, ఉపాధ్యాయుని జీతము, గది అద్దె వెళ్లవలెను. క్రొత్తవాని కాలిక్రింద క్లచ్చి ప్లేటు త్వరగ అరుగును. ఆ ఖర్చును ఇందులోనిదే. ఇక పొరుగు వీధిలోని యజమాని ఒక్కొక్కరికి 5 గంటలతో సరిపెట్టినచో ఆ కారే, ఆ పెట్రోలే, ఆ జీతమే 40 మందికి చాలును. వ్యయము పెరుగదు, రాబడి రెట్టింపగును. అతడు ఫీజును మూడవవంతు తగ్గించినను ఇతనికంటె మిగుల్చుకొనును. ధర యొక్కటే చూచి వచ్చువారు ఎవని గుమ్మము నెక్కుదురో చెప్పనక్కరలేదు.

కొరత పెట్టుటకు ఉపాయములు పెక్కు. ముగ్గురిని ఒక్కసారి కారులో నెక్కించి, వెనుక కూర్చున్న కాలమునుగూడ నడిపిన కాలముగ వ్రాసికొనుట ఒకటి. రెండవది మరింత సూక్ష్మమైనది. ఉపాధ్యాయుడు తన ప్రక్కనున్న క్లచ్చిని, బ్రేకును తానే త్రొక్కుచు పోవును. శిష్యుడు స్టీరింగు మాత్రము త్రిప్పుచుండును. బండి ఆగక, అదరక సాగుటచూచి శిష్యుడు తనకు విద్య వచ్చినదని సంతసించును. ప్రాణరక్షణకై అమర్చిన జంట పెడళ్లు ఈ విధముగ భ్రమకు సాధనము లగుచున్నవి. సొంతకారున ఒంటరిగ కూర్చున్ననాడు గాని ఆ భ్రమ తొలగదు. అప్పుడు ఎదుట నున్నది కూడలి. ప్రక్కన గురువు లేడు.

పరీక్షకై నేర్పు విద్యయు నిట్టిదే. కారునకు హెచ్ అక్షరము, బైకునకు 8 అంకె ఆకారమున గీచిన దారులు గలవు. ఏ గుర్తు కనబడినపుడు స్టీరింగు నెన్ని చుట్లు త్రిప్పవలెనో కంఠస్థము చేయించి దాని గట్టెక్కింతురు. వానలో అద్దము మసకబారినపుడు, రాత్రి ఎదుటి దీపములు కన్ను చీకట్లు గొల్పినపుడు, వెనుక దీపము లేని చెరకు ట్రాక్టరు హఠాత్తుగ ఎదురైనపుడు చేయవలసినదేమి? ఇవి ఆ గీతలలో లేవు. 2022 సంవత్సరమున మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. అనగా దినమునకు 460 మందికి పైగా. అందు నూటికి 70కి మించిన మరణములకు అతివేగమే కారణముగ చూపబడినది. ఈ మరణములన్నిటిని స్కూళ్లపై మోపుట అన్యాయము. కాని వేగమును నిగ్రహించుట గేరు మార్చుటవలెనే నేర్పదగిన విద్య. దానిని నేర్పవలసినవాడు తొలిగురువు.

ఇంగ్లండు దేశపు చరిత్రయందొక విశేషము గలదు. 1910లో లండనునందు బ్రిటిషు స్కూల్ ఆఫ్ మోటరింగు స్థాపింపబడినది. ఆనాడు అచ్చట డ్రైవింగు పరీక్షయే లేదు. రుసుము చెల్లించినవానికి లైసెన్సు లభించెడిది. 1935 జూను 1 నాటికి గాని పరీక్ష నిర్బంధము కాలేదు. అనగా పాతికేండ్లపాటు ఆ పాఠశాల గుమ్మము నెక్కినవారికి కాగితముతో పనిలేదు, విద్యకొరకే ధనమిచ్చిరి. విద్యయొక్కటే అమ్మియు ఈ వ్యాపారము నిలువగలదని ఇందువలన తేలుచున్నది.

మన దేశమున 2021 జూలై 1 నుండి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రముల నియమములు అమలునకు వచ్చినవి. తేలిక వాహనములు నేర్పు కేంద్రమునకు ఎకరము స్థలము, సిమ్యులేటరు, బయోమెట్రిక్ హాజరు ఉండవలెను. నాలుగు వారములలో 29 గంటల శిక్షణ. అందు 8 గంటలు పాఠము, 21 గంటలు అభ్యాసము. అచ్చట ఉత్తీర్ణుడైనవానికి ఆర్.టి.ఓ. కార్యాలయపు డ్రైవింగు పరీక్ష నుండి మినహాయింపు గలదు. గంటలు పెరుగుట ముదావహము. కాని ఫీజు పుచ్చుకొన్న గురువే పరీక్షకుడగుచోట తప్పిన శిష్యుడు తగ్గిన గిరాకియే గదా! గట్టి తనిఖీ లేనిచో పాత రోగమే పెద్ద భవనములోనికి కాపురము మార్చును.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. రిజిస్టరులోని గంటలను బండి తిరిగిన కిలోమీటర్లతో సరిపోల్చి చూచు అధికారి యొక్కడు జిల్లాకున్నను ఎంతయో మేలు కలుగును. కాని ఈ అంగడిలోని సరకును నిర్ణయించునది కొనువాడే. పెండ్లికెదిగిన కుమార్తెకు, కళాశాలకు పోవు కుమారునకు కారు నేర్పింపదలచిన గృహస్థుడు లైసెన్సు ఎన్నడు వచ్చునని మొదట అడుగుచున్నాడు. వేరు ప్రశ్నలు కలవు. మావాడు స్వయముగ స్టీరింగు పట్టు గంటలెన్ని? ఆ సమయమున బండిలో మరెవ్వరుందురు? రాత్రివేళ ఒక్కమారైనను నడిపింతురా? హైవేపై నడిపింతురా? ఆడపిల్లలకు నేర్పు స్త్రీ ఉపాధ్యాయు రాలెవరైన గలదా? ఈ ప్రశ్నలు పదిమంది అడిగినచో పదునొకండవవాడు రాకమునుపే యజమాని తన బోర్డును మార్చుకొనును. నిజాయితీగ పది గంటలు నేర్పు యజమానికి నాడు గాని నాలుగు రూకలు మిగులవు.

బంగారు నగ కొనునపుడు గీటురాయిపై గీయనిదే మనవారు రూక యీయరు. పొలము కొనునపుడు గట్టుగట్టు తిరిగి కొలిపించెదరు. బిడ్డ ప్రాణమును, బాటసారి ప్రాణమును ఆధారపడియున్న విద్యను కొనునపుడు మాత్రము తక్కువ ధరయు, త్వరిత కాలమును చాలునా? కాగితము ఆరు నెలలు ఆలస్యమైనను నష్టము లేదు. విద్య అరనిమిషము ఆలస్యముగ జ్ఞాపకము వచ్చినచో దిద్దుకొను అవకాశముండదు.