ప్యాకేజీ సరే.. అప్రైజల్ ఎలా చేస్తారు?

హెచ్‌ఆర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఇంటర్వ్యూలో చివరి రౌండ్. ‘మీ గురించి చెప్పండి’, ‘అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?’ లాంటి ప్రశ్నలు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక ఇక ఆ విభాగంతో పనేముందిలే అనుకుంటాం. నిజానికి అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఎవరిని తీసుకోవాలి, ఏం నేర్పించాలి, పనిని ఎలా కొలవాలి, ఎవరికి ఎంత పెంచాలి.. ఇవన్నీ మానవ వనరుల నిర్వహణ కిందికే వస్తాయి. వీటిలో ‘కొలవడం’ దగ్గర తేడా కొడితే ఎంత పెద్ద కంపెనీ అయినా లోపల్నుంచి బలహీనపడుతుంది. మైక్రోసాఫ్ట్ అనుభవం చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

పక్కవాడికి నోట్స్ ఇస్తారా?

మీ ల్యాబ్ బ్యాచ్‌లో పదిమంది ఉన్నారనుకోండి. అందరూ బాగా చదివేవాళ్లే. కానీ పరీక్షకు ముందే లెక్చరర్ ఒక రూల్ పెట్టారు. ఎంత బాగా రాసినా ‘ఏ’ గ్రేడ్ ఇద్దరికే, ఒకరు మాత్రం ఫెయిల్ కావాల్సిందే! అప్పుడు మీ నోట్స్ పక్కవాడికి ఇవ్వాలనిపిస్తుందా? వీలైతే మీకంటే తక్కువ చదివేవాళ్లున్న బ్యాచ్‌లోకి మారిపోతారు కూడా.

కార్పొరేట్ ప్రపంచంలో ఈ పద్ధతికి ‘స్టాక్ ర్యాంకింగ్’ అని పేరు. మన ఐటీ ఉద్యోగుల నోట వినిపించే ‘బెల్ కర్వ్’ కూడా ఈ కోవలోదే. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతిగా జాక్ వెల్చ్ దీనికి బాగా ప్రచారం తెచ్చారు. పై 20 శాతం, మధ్యలో 70 శాతం, కింది 10 శాతం.. ఇదీ ఆయన లెక్క. మైక్రోసాఫ్ట్‌లోనూ ఇలాంటి విధానమే ఏళ్ల తరబడి నడిచింది. 2012లో వ్యానిటీ ఫెయిర్ పత్రిక ఆ కంపెనీ ఉద్యోగులతో, మాజీలతో మాట్లాడి ఒక పెద్ద కథనం రాసింది. లోపల ఎక్కువ నష్టం చేసిన విధానం ఇదేనని వాళ్లంతా చెప్పారు. మంచి ఇంజినీర్లు మరో మంచి ఇంజినీర్ ఉన్న టీమ్‌లో చేరడానికి వెనకాడేవారు. బయటి పోటీ కంపెనీ కంటే పక్క సీటులో ఉన్నవాడే అసలు పోటీదారుగా కనిపించేవాడు.

మూడు ప్రశ్నలు

2013 నవంబరులో అప్పటి హెచ్‌ఆర్ అధిపతి లీసా బ్రమ్మెల్ ఉద్యోగులకు మెయిల్ పంపారు. ఇకపై కర్వ్ ఉండదు, రేటింగ్‌లూ ఉండవన్నది దాని సారాంశం. ఆ తర్వాత మూడు నెలలకు, 2014 ఫిబ్రవరి 4న, మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. అంటే స్టాక్ ర్యాంకింగ్ రద్దు ఆయన రాకముందే జరిగింది. అన్నీ తెలిసినవాళ్ల కంటే అన్నీ నేర్చుకునేవాళ్లే కావాలంటూ ఆ మార్పును సంస్థ అంతటా ముందుకు తీసుకెళ్లింది మాత్రం ఆయనే.

కొత్త విధానంలో ఉద్యోగి పనిని మూడు వైపుల నుంచి చూస్తారు. నువ్వు సొంతంగా ఏం సాధించావు? ఇతరుల విజయానికి ఎలా తోడ్పడ్డావు? ఇతరులు చేసిన పనిని వాడుకుని దాన్ని ఎలా ముందుకు తీసుకెళ్లావు? చివరి రెండు ప్రశ్నలు గమనించండి. సాయం చేయడం, సాయం తీసుకోవడం రెండూ లెక్కలోకి వచ్చాయి. వేర్వేరు టీమ్‌లు ఒకదాని పని మీద ఇంకొకటి ఆధారపడే క్లౌడ్ వ్యాపారానికి కావాల్సింది కూడా ఇదే.

ఫలితం సంగతి? నాదెళ్ల వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ మార్కెట్ విలువ సుమారు 30 వేల కోట్ల డాలర్లు. 2019 ఏప్రిల్‌లో అది లక్ష కోట్ల డాలర్లు దాటింది. 2024 జనవరిలో 3 లక్షల కోట్లకు చేరింది. ఇదంతా హెచ్‌ఆర్ చలవే అంటే అతిశయోక్తే. క్లౌడ్ మీద పెట్టిన పెట్టుబడికి, మార్కెట్ పరిస్థితులకు పెద్ద వాటానే ఉంది. కానీ జట్లు కలిసి పనిచేయకపోతే ఆ పెట్టుబడి ఇంతగా ఫలించేది కాదు.

ఇంకో మాట. ఇదే కంపెనీ 2023 జనవరిలో 10 వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. మంచి అప్రైజల్ విధానం ఉన్నంత మాత్రాన ఉద్యోగానికి గ్యారంటీ ఉన్నట్టు కాదు.

మీరేం అడగాలి?

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు కదా. చాలామంది ‘నో సర్’ అని లేచి వచ్చేస్తారు. ఆ అవకాశం వదులుకోవద్దు.

• కొత్తగా చేరినవాళ్ల పనితీరును మొదటి ఏడాది ఎలా చూస్తారు? ఎన్ని నెలలకోసారి ఫీడ్‌బ్యాక్ ఇస్తారు?

• ప్రాజెక్ట్ దొరక్క బెంచ్ మీద ఉంటే ఆ కాలాన్ని ఎలా లెక్కేస్తారు?

• సీటీసీలో వేరియబుల్ పే ఎంత? అది నా పని మీద ఆధారపడుతుందా, కంపెనీ లాభాల మీదా? 6 లక్షల ప్యాకేజీలో 10 శాతం వేరియబుల్ అంటే ఏడాదికి 60 వేలు. మీ రేటింగ్‌ను బట్టి అది మొత్తం రావచ్చు, సగమే రావచ్చు.

‘మీ దగ్గర బెల్ కర్వ్ ఉందా?’ అని ప్యానెల్‌ను సూటిగా అడిగితే బాగోదు. ఆ ప్రశ్న అక్కడ పనిచేస్తున్న మీ కాలేజీ సీనియర్‌ను అడగండి. ‘అన్నా, టీమ్‌లో అందరూ బాగా చేస్తే అందరికీ మంచి రేటింగ్ వస్తుందా?’ అంటే చాలు, ఉన్నదున్నట్టు చెప్పేస్తారు.

పైన చెప్పిన మూడు ప్రశ్నలు మీకూ పనికొస్తాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ గురించి చెప్పేటప్పుడు ‘అంతా నేనే చేశాను’ అనకండి. మీరు రాసిన భాగమేది, ఎవరికి ఎక్కడ సాయం చేశారు, ఎవరి కోడ్ మీద ఆధారపడ్డారో విడివిడిగా చెప్పండి. టీమ్‌లో ఇమడగలరని వాళ్లకు అర్థమయ్యేది అక్కడే.

చేతిలో ఒకే ఆఫర్ ఉంటే, జవాబులు నచ్చలేదని దాన్ని వదులుకోమని చెప్పను. చేరండి. కాకపోతే మీ పనికి మార్కులు ఎలా వేస్తారో మొదటి నెలలోనే తెలుసుకోండి. ఏడాది చివర్లో రేటింగ్ చేతికొచ్చాక తెలుసుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.