క్షయ సోకిన తల్లి – స్తన్యపానం

క్షయ అని తేలిన బాలింత నుంచి బిడ్డను వేరుచేసి పోతపాలు పట్టడం నేటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. దోషం పాలది కాదు, గాలిది. ఊపిరితిత్తుల క్షయ దగ్గు తుంపరలతో వ్యాపిస్తుంది. రొమ్ముకే క్షయ సోకిన అరుదైన సందర్భంలో తప్ప స్తన్యం ద్వారా సంక్రమించదు. కనుక చికిత్స పొందుతున్న తల్లి మాస్కు ధరించి పాలివ్వవచ్చు.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వంటి మందులు పాలలోకి స్వల్పంగానే చేరతాయి. ఆ మోతాదు బిడ్డకు హాని చేసేంత కాదు, రక్షణనిచ్చేంతా కాదు. ‘తల్లి మింగితే బిడ్డకూ అందుతుంది’ అన్న ధీమాయే ఇక్కడ ప్రమాదకరం. తల్లికి చికిత్స మొదలై 2 నెలలు నిండకముందే ప్రసవమైతే, శిశువుకు వ్యాధి లేదని నిర్ధారించుకొని 6 నెలలపాటు ఐసోనియాజిడ్ విడిగా ఇవ్వాలనీ, బి.సి.జి. టీకాను ఆ తర్వాతే వేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మందులకు లొంగని క్షయకు ఈ క్రమం వర్తించదు.