బ్రేకు తొక్కే పని మనదైనప్పుడు

ఈ పూట వంటల గురించీ కాదు, ఊరగాయల గురించీ కాదు, కారు బ్రేకుల గురించి చెబుతాను. "అది మగవాళ్ళ పని, మనకెందుకమ్మా?" అంటారేమో. ఆదివారం పూట ఇంటి ముందు కారు విప్పుకుని కూర్చున్న మగవాళ్ళు చివరికి పిలిచేది ఎవరిని? మనల్నే కదా! "ఇగో, జర వచ్చి బ్రేకు తొక్కరాదూ" అంటారు. మనం చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, ఎందుకు తొక్కుతున్నామో తెలియకుండానే తొక్కుతాం. నేనూ అలాగే తొక్కాను. దాని వల్ల ఏమైందో తర్వాత చెబుతాను.

ముందు అసలు సంగతి తెలుసుకుందాం. మన కాలు తొక్కిన బలం చక్రం దాకా ఎలా పోతుంది? బ్రేకు నూనె మోసుకుపోతుంది. పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లో నూనె నొక్కుకుంటుంది. ఆ ఒత్తిడి సన్నని గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ చేరి బ్రేకులను బిగిస్తుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒత్తిడి పెడితే అన్ని వైపులకూ సమంగా పాకుతుందని పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పదిహేడో శతాబ్దంలోనే చెప్పాడు. పదో తరగతితో చదువు ఆపేసిన నాకు కూడా ఆ పాఠం గుర్తుంది. అది కారు బ్రేకుకు సంబంధించిన పాఠమని మాత్రం అప్పుడు ఎవరూ చెప్పలేదు.

పిల్లలకు మందు పోసే సూది లేని సిరంజి మీ ఇంట్లో ఉంటుంది. దాన్ని నిండా నీళ్ళతో నింపి, మూతి వేలితో మూసి నొక్కి చూడండి, కదలదు. అదే గాలితో నింపి నొక్కండి. సగం దాకా దిగిపోతుంది, వదిలితే మళ్ళీ లేస్తుంది. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే జరిగేదీ ఇదే. మన కాలి బలమంతా గాలిని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. పెడల్ మెత్తగా, దూదిని తొక్కినట్టుగా ఉంటుంది.

ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? వీల్ సిలిండర్ మార్చినా, కాలిపర్ మార్చినా, గొట్టం మార్చినా లైను విప్పాల్సిందే. విప్పితే గాలి దూరుతుంది. లైను విప్పకుండా ఒట్టి ప్యాడ్లో, షూలో మార్చితే మామూలుగా గాలి తీసే అవసరం ఉండదు. కానీ కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కాలి. ఇది మరిచిపోయి మొదటి మలుపులోనే బెదిరిపోయినవాళ్ళు మా వాడలో ఇద్దరున్నారు.

ఇప్పుడు గాలి తీసే పద్ధతి. కారు చదునైన చోట ఉండాలి, ఇంజన్ ఆపేసి ఉండాలి. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు, గట్టి స్టాండు ఉండాల్సిందే. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో కొత్త నూనె నింపాలి. ప్రతి చక్రం దగ్గరా గాలి వదిలే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దానికి పారదర్శకమైన సన్నని గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం బ్రేకు నూనె ఉన్న సీసాలో ముంచాలి. మునగాలి సుమా, పైన వేలాడకూడదు. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. కొన్ని కార్లలో ఈ వరుస వేరు, కారుతో వచ్చిన పుస్తకం చూసుకోండి.

ఇక మన వంతు. మెల్లగా మూడు నాలుగు సార్లు తొక్కి, గట్టిగా తొక్కి పట్టి "పట్టిన" అనాలి. అప్పుడు ఆయన స్క్రూ కొంచెం వదులు చేస్తారు. పెడల్ కిందికి దిగిపోతుంది, గొట్టంలో బుడగలు పోతాయి. దిగిందని కాలు తీయకూడదు. ఆయన స్క్రూ బిగించి "బిగించిన" అన్నాకే కాలు ఎత్తాలి. బుడగలు రాని దాకా ఇలా చేస్తూనే ఉండాలి. మధ్య మధ్య డబ్బాలో నూనె చూసుకోవాలి. అది అడుగంటితే పై నుంచి మళ్ళీ గాలి దూరుతుంది, చేసిన పనంతా మొదటికొస్తుంది. పాత కారైతే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. ఎన్నో ఏళ్ళుగా అంత కిందికి దిగని పిస్టన్ ఒక్కసారి తుప్పు పట్టిన చోటికి దిగితే దాని రబ్బరు చిరుగుతుంది.

కాలు ముందే తీస్తే ఏమవుతుందో నా నోటితోనే వినండి. మాకు పాత మారుతి 800 ఉంది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గానీ మాది ఇంకా నడుస్తోంది. ఒకసారి వెనక చక్రం వీల్ సిలిండర్ కారుతుంటే మా ఆయనే మార్చారు. తెల్లారితే ఆదిలాబాద్‌లో మా ఆడబిడ్డ కూతురి పెళ్ళికి పోవాలి. నేను పెడల్ తొక్కి పట్టుకున్నాను. లోపల కుక్కర్ మూడో కూత వేసింది. పప్పు మాడుతుందని కాలు తీసి లేచాను. స్క్రూ ఇంకా తెరిచే ఉంది. గొట్టం కొస సీసాలో నూనెకు పైన వేలాడుతోంది. పోయిన గాలి పోయినట్టే వెనక్కి వచ్చింది. ఆయన చక్రం దగ్గర వంగి ఉన్నారు, చూడలేదు. నేనూ చెప్పలేదు.

సాయంత్రం కారు వెనక్కి తీస్తుంటే పెడల్ నేలకు దిగిపోయింది. గల్లీలో పక్కింటి పిల్లవాడు సైకిల్ తొక్కుతున్నాడు. ఆయన హ్యాండ్ బ్రేకు లాగారు. అది నూనెతో కాదు, తీగతో పనిచేస్తుంది కాబట్టి కారు ఆగింది. సైకిల్‌కూ కారుకూ మధ్య జానెడు ఎడం. అప్పుడు చెప్పాను కుక్కర్ సంగతి. ఆయన ఒక్క మాటా అనలేదు, గొట్టం తెచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. రాత్రి తొమ్మిదింటికి పూర్తయింది. ఆ రోజు పప్పు కూడా మాడింది.

ఇక నూనె సంగతి. మామూలు బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 నూనె కనీసం 205 డిగ్రీల వేడి దాకా మరగకుండా ఉండాలి. నీరు పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. నిర్మల్ దగ్గర పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ ఉంది కదా, అలాంటి చోట దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే నూనె మరిగి ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలి లాంటిదే, పెడల్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్ళకోసారి నూనె మార్చమంటారు, ఘాట్ చిన్న గేరులో దిగమంటారు. తీసిన నూనె మళ్ళీ పోయవద్దు. మూత తీసి చాలాకాలం ఉంచిన సీసా వాడవద్దు. అది విషం. సర్బత్ సీసాలో పోసి పిల్లలకు అందేచోట పెట్టకండి. కారు రంగు మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడగండి, లేకపోతే రంగు ఊడుతుంది.

ఏబీఎస్ ఉన్న కార్లలో లోపలి భాగంలో గాలి చేరితే వర్క్‌షాప్ యంత్రం లేకుండా రాదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి తయారైన కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కాబట్టి కొత్త కారుంటే ఈ పని ఇంట్లో పెట్టుకోకండి.

అంతా అయ్యాక పెడల్‌ను బలంగా ఒక నిమిషం తొక్కి పట్టండి. మెల్లగా దిగుతోందంటే ఎక్కడో కారుతోందని గానీ, మాస్టర్ సిలిండర్ పాడైందని గానీ అర్థం. అలాంటప్పుడు బండి కదపవద్దు. గట్టిగా నిలిస్తే, మనుషులు లేని చోట నడక వేగంతో నాలుగు సార్లు ఆపి చూడండి.

మేం పెళ్ళికి వెళ్ళొచ్చాం. తిరుగు ప్రయాణంలో మహబూబ్ ఘాట్ దిగుతుంటే ఆయన రెండో గేరులో నిదానంగా నడుపుతున్నారు. పక్క సీట్లో కూర్చున్న నా కుడికాలు మాత్రం ఆ ఘాట్ పొడుగునా కింది చాపను తొక్కి పట్టే ఉంది. నిర్మల్ వచ్చాక ఆయన నవ్వుతూ, "బిగించిన, ఇగ కాలు తియ్యి" అన్నారు.