ఒంటరిగా బారుకు వెళ్ళే ముందు ఒక్క ఫోను



చీనీకాయలు అమ్మిన డబ్బుతో లింగాల నుండి పులివెందులకు వెళ్ళిన ఇంటాయన చీకటి పడినా రాలేదంటే ఇంట్లో అనుమానం మొదలవుతుంది. నలుగురితో కలిసి వెళ్ళి ఉంటే ఎవరో ఒకరు ఇల్లు చేరుస్తారని చిన్న ధైర్యం. ఒక్కడే వెళ్ళాడంటే ఆ ధైర్యం కూడా ఉండదు.

"ఎవురితోనూ గలాటా పెట్టుకోను. నా పాటికి నేను ఒక మూల కూచోని తాగి వస్తా. ఎవురికేం నష్టం?" ఈ మాట మనలో చాలామంది విన్నదే. దీనికి నెమ్మదిగా జవాబు చెప్పుకుందాము.

క్వార్టరులో ఎంత ఉంటుంది?

180 మిల్లీలీటర్ల విస్కీ లేక బ్రాందీ క్వార్టరులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. అంటే రాత్రి 9 గంటలకు క్వార్టరు ముగించిన వ్యక్తి తెల్లవారి 4 గంటలకు మోటారు వేయడానికి తోటకు బయలుదేరినా, అతని రక్తంలో ఇంకా మద్యం ఉండవచ్చును. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ళ స్నానం ఈ లెక్కను మార్చలేవు. ఏ కొద్దిపాటి మద్యమైనా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

ఒంటరితనంలోని అపాయం

ఒక్కడే తాగేవానికి "చాలు లేరా" అని చెప్పేవారు లేరు. బండి తాళం తీసుకునేవారు లేరు. దారిలో పడి తలకు దెబ్బ తగిలితే, చూసినవారు నిషా అనుకొని దాటిపోతారు. వెల్లకిలా పడి వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం తీయవచ్చును. చక్కెర జబ్బుకు మందులు వాడేవారు పరగడుపున తాగితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. అలా పడి ఉన్నవారిని చూస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వెంటనే 108కి ఫోను చేయండి.

ఒక హోటలులో జరిగినది

1935 మే నెలలో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే వ్యాపారి ఒక హోటలులో ఒంటరిగా ఉన్నాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వచ్చిన పని చెడిపోయింది. ఒక వైపు బారులో నుండి నవ్వులు, ఇంకొక వైపు టెలిఫోను. అతడు ఫోను వైపు నడిచి, అక్కడున్న సంఘాల పట్టికలో చూసి ఒక పాదిరిగారికి ఫోను చేశాడు. ఆ ఫోను వలన, తాగుడుతో బాధపడుతున్న బాబ్ స్మిత్ అనే డాక్టరు పరిచయమయ్యాడు. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చిన డాక్టరు గంటల తరబడి మాట్లాడాడు. వారిద్దరి వలన ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. నేడు మన దేశంలో కూడా దాని కూటములు జరుగుతున్నాయి. రుసుము లేదు.

ఆ రోజు అతనికి కావలసింది గ్లాసు కాదు, మాట్లాడడానికి ఒక మనిషి. మన ఊళ్ళలో ఒంటరిగా వెళ్ళేవారిలోనూ చాలామందికి అదే కావాలి. అప్పు, పంట నష్టం, ఇంట్లో మాట పట్టింపు, భార్య పోయిన దుఃఖం: కారణం ఏదైనా, గ్లాసు దానిని తీర్చదు.

కుటుంబాలకు మా మనవి

రోజూ తాగేవారిని ఒక్కసారిగా మాన్పించి గదిలో పెట్టవద్దు. కొద్ది గంటలలోనే చేతులు వణుకుతాయి, ఒకటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చును, రెండు మూడు రోజులలో మతి తప్పవచ్చును. ఇది ప్రాణాపాయము. ఆసుపత్రిలో మందులతో, బి1 విటమిను ఇంజెక్షనుతో క్షేమంగా మాన్పించవచ్చును. తెలియకుండా కూరలో మాన్పించే మందు కలపడం ఇంకా ప్రమాదం. దాని మీద తాగితే గుండెకు ముప్పు.

తాగినవాడు గుడికి రావడం మానేస్తే అది సాధారణంగా సిగ్గు వలననే. అతడు తాగని ఒక ఉదయం చూసి మాట్లాడండి. నలుగురిలో అడగవద్దు.

ఎవరితోనూ చెప్పుకోలేమనుకుంటే 14416 టెలి మానస్, లేదా వ్యసన విముక్తి కోసం 14446 నంబరుకు ఫోను చేయవచ్చును. ఖర్చు లేదు.

ఈ సాయంత్రం కాళ్ళు ఆ వైపుకు లాగితే, బండి తీసే ముందు ఒక్క ఫోను చేయండి. అన్నకో, బావకో, పాదిరిగారికో. ఆ ఫోను మీకు వస్తే మాత్రం, దయచేసి ఎత్తండి.