జేడ్ గూడీ జాలికి తగినదా?

టెలివిజనులో తమంత తామే గుట్టు బయలుపెట్టుకొన్న వారియెడ జాలి యేలయని మన యిండ్లలో తఱచు వినవచ్చుచుండును. మేమును కొంతకాల మట్లే తలచితిమి.

లండనులో దంతవైద్యునికడ సహాయకురాలుగా నుండిన జేడ్ గూడీ 2002లో ‘బిగ్ బ్రదర్’ ఇంట ప్రవేశించెను. ఆమె యజ్ఞానమును పత్రికలు పరిహసించినవి. ఆ పరిహాసమే ఆమెకు ధనమార్గమయ్యెను. 2007లో అట్టి పోటీయందే మన శిల్పాశెట్టిని అప్పడమని యెగతాళి చేసెను. వేలకొలది ఫిర్యాదులు వచ్చినవి. ఆ మాటను మేము సమర్థింపము. పిమ్మట ఆమె క్షమాపణ వేడెను.

2008 ఆగస్టులో ‘బిగ్ బాస్’కై భారతదేశమునకు వచ్చి, ఆ యింట నుండగనే తనకు గర్భాశయముఖమున కాన్సరు గలదని వినెను. ఆ కార్యక్రమమును నడపుచుండినది శిల్పాశెట్టియే! విధి యెంత చిత్రము!

తుదిదినములను సైతము కెమెరాల కమ్ముకొన్నదని కొందఱు దూషించిరి. ఇద్దఱు పసికొడుకుల భవిష్యత్తు కొఱకని ఆమె చెప్పెను. బిడ్డలను కన్నవారు దీనిని తప్పని యెట్లందురో మాకు బోధపడదు. అమ్మినది ఆమెయే, కొని చూచినవారి మాట యెవరును తలపెట్టరేమి?

2009 మార్చి 22న, 27వ యేట ఆమె మరణించెను. ఆ 2008-09 నడుమ ఇంగ్లండులో ఈ వ్యాధిపరీక్షకు మామూలుకంటె 4 లక్షలకు పైగా అధికముగా స్త్రీలు వచ్చిరి.