ఒక బీట్ ఎక్కడ తప్పింది?

కార్డియాక్ టెక్నీషియన్ ఇంటర్వ్యూ. ఎదురుగా ఉన్న డాక్టర్ ఓ ఈసీజీ కాగితాన్ని మీ ముందుకు జరిపి ‘ఏం కనిపిస్తోంది?’ అని అడిగారు. మీరు గడులు లెక్కపెట్టి ‘గుండె వేగం నిమిషానికి 50 సార్’ అని ఆగిపోయారా? అయితే సగం జవాబే చెప్పారు. వేగం ఎందుకు తగ్గిందన్నదే అసలు ప్రశ్న. బీఎస్సీ కార్డియాక్ కేర్ టెక్నాలజీ, ఈసీజీ టెక్నీషియన్ కోర్సులు పూర్తిచేసి ఉద్యోగ వేటలో ఉన్నవారు పాక్షిక హార్ట్ బ్లాక్‌పై పట్టు సాధించాలి.

ఆ ‘బ్లాకులు’ వేరు

‘గుండెలో రెండు బ్లాకులున్నాయట, స్టెంట్ వేశారట’ అనే మాట ఇంట్లోనో బస్సులోనో వింటుంటాం. అది రక్తనాళాల్లో అడ్డంకి. హార్ట్ బ్లాక్ అంటే కరెంటు దారిలో అడ్డంకి. పైగదులైన కర్ణికల నుంచి విద్యుత్ సంకేతం ఏవీ నోడ్ మీదుగా కిందిగదులైన జఠరికలకు చేరాలి. అది ఆలస్యంగా చేరినా, మధ్యమధ్యలో కొన్ని సంకేతాలు ఆగిపోయినా పాక్షిక బ్లాక్. ఒక్కటీ దాటకపోతే పూర్తి బ్లాక్.

కొలత ఇలా..

ఈసీజీ కాగితం సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. అప్పుడు చిన్న గడి 0.04 సెకన్లు, పెద్ద గడి 0.20 సెకన్లు. పీ తరంగం కర్ణికలది, క్యూఆర్‌ఎస్ జఠరికలది. పీ మొదలైన చోటు నుంచి క్యూఆర్‌ఎస్ మొదలయ్యే వరకు ఉన్నదే పీఆర్ ఇంటర్వెల్. పెద్దవారిలో ఇది 3 నుంచి 5 చిన్న గడులు ఉండాలి.

* ఫస్ట్ డిగ్రీ: పీఆర్ 5 చిన్న గడులు దాటుతుంది. కానీ ప్రతి పీ వెనుకా క్యూఆర్‌ఎస్ ఉంటుంది. ఆలస్యమే తప్ప ఏ బీటూ తప్పదు.

* సెకండ్ డిగ్రీ, మోబిట్జ్ 1: పీఆర్ బీటు బీటుకీ పెరుగుతూ వెళ్లి, ఒక పీ తర్వాత క్యూఆర్‌ఎస్ రాదు. మళ్లీ చిన్న పీఆర్‌తో మొదలు. దీన్నే వెంకబాక్ అంటారు. బాగా శిక్షణ పొందిన క్రీడాకారుల్లో, నిద్రలోనూ కనిపించొచ్చు.

* సెకండ్ డిగ్రీ, మోబిట్జ్ 2: పీఆర్ మారదు. ఏ హెచ్చరికా లేకుండా ఒక క్యూఆర్‌ఎస్ మాయమవుతుంది. లోపం సాధారణంగా ఏవీ నోడ్‌కు దిగువన ఉంటుంది. పూర్తి బ్లాక్‌గా మారే ప్రమాదం ఎక్కువ కాబట్టి చాలామందికి పేస్‌మేకర్ అవసరమవుతుంది.

రెండింటిలోనూ తప్పేది ఒక్క బీటే. ప్రమాదం మాత్రం ఒకటి కాదు. తేడా పట్టాలంటే తప్పిన బీటుకు ముందున్న పీఆర్‌నూ, తర్వాతి పీఆర్‌నూ పక్కపక్కన కొలవండి. తర్వాతిది చిన్నదైతే మోబిట్జ్ 1, రెండూ సమానమైతే మోబిట్జ్ 2 అని అనుమానించాలి.

ఇక్కడే పొరపడతారు

ప్రతి రెండో పీ ఆగిపోతే, అంటే 2:1 బ్లాక్‌లో, వరుసగా రెండు పీఆర్‌లు దొరకవు. ఆ చిన్న ముక్క చూసి ఏ రకమో తేల్చేయకండి. పొడవైన రిథమ్ స్ట్రిప్ తీయండి. పీ ముందే వచ్చి ఆగిపోతే అది బ్లాక్ కాకపోవచ్చు, కర్ణికల నుంచి తొందరపడి వచ్చిన బీటు కావొచ్చు. అందుకే పీ-పీ దూరాలు సమానంగా ఉన్నాయో లేదో ముందు చూడాలి. టీ తరంగంలో దాక్కున్న పీలనూ వెతకాలి.

చూశాక ఏం చేయాలి?

ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న ఇది. నిర్ధారణ, చికిత్స డాక్టర్ పని. రోగికి కళ్లు తిరుగుతున్నాయా, స్పృహ తప్పారా అని అడగడం, మోబిట్జ్ 2 అనుమానం వస్తే ఆ కాగితాన్ని మిగతా రిపోర్టుల కట్టలో పెట్టకుండా వెంటనే డాక్టర్‌కు చూపించడం మీ పని. ఆలోగా రోగిని ఒంటరిగా వదలొద్దు. ‘మీకు హార్ట్ బ్లాక్ ఉంది’ అని మీరే చెప్పి కంగారు పెట్టొద్దు.

1899లో వెంకబాక్ ఈ లయను నాడి కొట్టుకునే తీరును నమోదు చేసి పట్టుకున్నారు. అప్పటికి ఈసీజీ వాడుకలోకే రాలేదు. మీ చేతిలో గడుల కాగితం ఉంది. రోజూ కొన్ని స్ట్రిప్‌లు ముందేసుకుని పీఆర్ కొలవడం అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూలో మీకు ఉద్యోగం తెచ్చే ఈ అలవాటే, రేపు డ్యూటీలో ఒకరి ప్రాణం కాపాడొచ్చు.